ఎనిమిది గజాలు ఎక్కువ

హనుమకొండ, 2024 జూన్ 14

పొద్దున్నే ఒక కుర్రాడు వచ్చాడు. టక్ చేసుకున్నాడు. చెప్పులు విడిచే దగ్గర బూట్లు విప్పలేక చాలాసేపు అవస్థ పడ్డాడు. చేతిలో నున్నటి కాగితం. దాని మీద 14 అంతస్తుల బిల్డింగు. కింద నీలం నీళ్ళ కొలను, కొలను ఒడ్డున తెల్లవాళ్ళు. ఆ కింద మా గల్లీ పేరు, తెలుగులో తప్పుగా.

"మీ ఆరిండ్లు కలిస్తే అయిపాయె సార్" అన్నాడు.

ఏమైపోతుందో అడగలేదు.

జూన్ 15

రాత్రి నిద్ర పట్టలేదు. లేచి లెక్క వేశాను. 34 ఏళ్ళు డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్పిన రోగం.

2012 నాటి 168 జీవో. 18 మీటర్లు, ఆపైన ఉంటే హైరైజ్. దానికి కనీసం 2000 చదరపు మీటర్ల జాగ. గజాల్లో 2392. మావి ఆరు ప్లాట్లు. 40 అడుగుల వెడల్పు, 90 అడుగుల పొడవు, ఒక్కోటి 400 గజాలు. ముందు గల్లీలో మూడు, వెనక గల్లీలో మూడు, వీపులు ఆనించుకుని. మొత్తం 2400.

ఎనిమిది గజాలు ఎక్కువ. ఒక్క ఇల్లు తప్పుకున్నా లేదు.

మా ఆమెను లేపి చెప్పాను. "పొద్దున చెప్పుండ్రి" అంది.

జూన్ 19

జాబితా. ఒకటి మేము. రెండు పోస్టుమాస్టరు గారు, రిటైర్డ్. మూడు ఎల్ఐసీ ఆయన, ఇంకా రిటైర్ కాలేదు, అయినట్టే ఉంటాడు. వెనక గల్లీలో నాలుగు పెద్దమ్మ. ఐదో ఇంటాయన డల్లాస్‌లో ఉంటాడు, ఇంట్లో ఆడపిల్లల హాస్టల్ ఉంటుంది. ఆరు ఇద్దరు అన్నదమ్ములది. మధ్యలో గోడ, గోడ మీద కేసు.

పెద్దమ్మ ఎవరికి పెద్దమ్మో తెలియదు. మాకంటే ముందు నుంచి అందరికీ పెద్దమ్మే.

జూన్ 23

మొదటి వాన. డాబా మళ్ళీ కారుతోంది, వంటింట్లో, పప్పుడబ్బాల మీద. మేస్త్రీకి ఫోన్ చేయబోయి ఆగాను. ఎట్లాగూ పోయే ఇల్లు. బకెట్ పెట్టాను.

ఎల్ఐసీ ఆయన కూడా రంగులు వేయించడం ఆపేశాడట. సగం గోడ ఆకుపచ్చ, సగం పాతది.

జూలై 7

పోస్టుమాస్టరు గారి వరండాలో మీటింగు. ఆదివారం కాబట్టి మటన్ వాసన. కుర్రాడితో పాటు పెద్ద సారు వచ్చాడు. పెద్ద సారు వేళ్ళకు నాలుగు ఉంగరాలు. ఫిఫ్టీ ఫిఫ్టీ, 84 ఫ్లాట్లు, ఇంటికి ఏడు. పైగా గుడ్‌విల్. 36 నెలల్లో తాళాలు. ఆరు నెలలు గ్రేస్.

పైనుంచి భద్రకాళి చెరువు కనబడుతుందట. దానికి వేరే రేటు. దాన్ని వ్యూ అంటారు.

పెద్దమ్మ: "చెర్వు జూడాల్నంటే చెర్వు కాడికి పోతం గద బిడ్డా."

పెద్ద సారు నవ్వాడు. కుర్రాడు రాసుకున్నాడు.

కాగితం మీద రెరా నెంబరు లేదు. అడిగాను. "ప్రీ లాంచ్ సార్." 2016 చట్టం ప్రకారం నెంబరు రాకముందు ప్రచారం చేయకూడదు. అది కూడా అన్నాను. "మీరు ఫ్యామిలీ సార్, ఇది ప్రచారం కాదు."

జూలై 8

84 ఫ్లాట్లకు 2400 గజాలు. ఒక్కో ఫ్లాటుకు ఇరవై ఎనిమిదిన్నర గజాల అన్‌డివైడెడ్ షేర్. ఏడు ఫ్లాట్లకు 200. 400 గజాలు ఇచ్చి 200 గజాలు. అవి ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించలేను.

60 ఫ్లాట్లయితే? ఒక్కోటి 40. ఇంటికి ఐదు. మళ్ళీ 200.

48 అయితే? 200.

సగం ఇస్తే సగమే మిగులుతుంది. ఇది కనుక్కోవడానికి రెండు పేజీలు పట్టింది.

జూలై 14

హాస్టల్ ముందు కొత్త ఫ్లెక్సీ. ఏసీ, నాన్ ఏసీ, వారానికి రెండుసార్లు చికెన్. ఈ గల్లీలో గోడకు ఒక టులెట్ బోర్డు ఎప్పుడూ ఉంటుంది. యూనివర్సిటీ పుట్టింది 1976లో. అప్పట్నుంచి ఇక్కడ రెండు పంటలు. జూన్‌లో ఒకటి, డిసెంబర్‌లో ఒకటి. వాన పడకపోయినా పండుతాయి.

డాబా మీద రేకుల గదిని ఇక్కడ పెంట్‌హౌస్ అంటారు. మే నెలలో పెంట్‌హౌస్‌లో ఉన్నవాడు రాత్రి తొమ్మిది దాకా లైబ్రరీ వదలడు. నా దగ్గర చదివిన వాళ్ళలో ర్యాంకులు వచ్చినవాళ్ళు ముగ్గురు పెంట్‌హౌస్‌ల వాళ్ళే.

జూలై 21

అమ్మాయి ఫోన్. ఆన్ ఆర్బర్ నుంచి. అదీ కాలేజీ ఊరే. అక్కడ యూనివర్సిటీ పక్కనే 26 అంతస్తుల కండో టవర్ ఉంది. నాలుగేళ్ళ చదువుకు ఫ్లాటు కొనిచ్చి, చదువైపోగానే అమ్మేసే తల్లిదండ్రులున్నారట. "కిరాయి దండగ కదా నాన్నా."

ఇక్కడ లెక్క తిరగేసి ఉంది. పిల్లలు అక్కడుంటారు. వాళ్ళు తల్లిదండ్రుల కోసం ఇక్కడ ఫ్లాటు కొంటారు. తల్లిదండ్రులు ఆరు నెలలు పిల్లల దగ్గరుంటారు. మరి ఫ్లాట్లో ఎవరుంటారు? స్టూడెంట్లు.

జూలై 27

పోయినేడాది ఇదే రోజు వరద. నయీంనగర్ నాలా మా గల్లీలోకి వచ్చింది. రెండో మెట్టు దాకా నీళ్ళు. పోస్టుమాస్టరు గారి స్కూటర్ కనబడలేదు, అద్దాలు కనబడ్డాయి. ఇప్పుడు నాలా మీద పాత వంతెన పడగొట్టి కొత్తది కడుతున్నారు. చుట్టు తిరిగి పోవాలి.

కుర్రాడికి వరద సంగతి చెప్పాను. సంతోషించాడు. "అందుకే సార్ స్టిల్టు. నీళ్ళొస్తే కార్లు మునుగుతయి, మనుషులు మునుగరు."

ఆగస్టు 4

సుద్దముక్కతో ఇంట్లో గీతలు గీశాను. 21 మీటర్ల ఎత్తుకైనా నాలుగు వైపులా ఏడు మీటర్ల సెట్‌బ్యాక్ వదలాలి. 23 అడుగులు. మాది మూల ప్లాటు. 40లోంచి 23 పోతే 17. 90లోంచి 23 పోతే 67. ముందు గది, పడకగది, తులసికోట, మా ఆమె కుట్టుమిషను, నా పుస్తకాల అలమర అన్నీ సెట్‌బ్యాక్‌లో పడ్డాయి. అది ఫైరింజన్ తిరిగే దారి.

వంటింట్లో సగం మాత్రం బిల్డింగులో ఉంది. బకెట్ బిల్డింగులోనే ఉంది.

మా ఆమె గీతల మీద నుంచి నడిచి వెళ్ళింది. సాయంత్రం తుడిచేసింది. పడకగదిలో మంచం కింద చీపురు అందలేదు. అక్కడ ఫైరింజన్ దారి ఇంకా ఉంది.

ఆగస్టు 11

వేయిస్తంభాల గుడికి వెళ్ళాం. పెళ్ళయిన కొత్తలో చూసిన కల్యాణ మండపం మళ్ళీ నిలబడి ఉంది. 2006లో విప్పారు. రాయి రాయికి నెంబరు వేసి పక్కన పెట్టారు. తిరిగి తెరిచింది ఈ మార్చి 8న, శివరాత్రికి. మధ్యలో మా అమ్మాయి ఇంటర్, బీటెక్, ఎమ్మెస్, పెళ్ళి, ఇద్దరు పిల్లలు.

కాకతీయులు ఇసుక మీద కట్టారు. ఇసుక పెట్టె పునాది అంటారు. 1163 నాటి గుడి.

పోస్టుమాస్టరు గారి బావమరిది ఇల్లు గుడి వెనక సందులో. స్మారకానికి వంద మీటర్ల లోపల ఏమీ కట్టనివ్వరు. ఆ తర్వాత ఇంకో రెండు వందల మీటర్లు అనుమతి కావాలి. ఆయన ఇంటి మీద ఇప్పటికీ పెంకులే. పాపం అనుకునేవాళ్ళం.

ఆగస్టు 25

నిన్న హైదరాబాద్‌లో చెరువు జాగలో కట్టారని ఎన్ కన్వెన్షన్ హాలు కూల్చారు. హైడ్రా. రోజంతా టీవీలో అదే. పాలబ్బాయి అడిగాడు, "సార్, మన గల్లీ ఎఫ్‌టీఎల్ల ఉన్నదా, బఫర్ల ఉన్నదా?" నిన్నటిదాకా వాడికి తెలిసిన ఇంగ్లీషు ఫ్యాట్ ఒక్కటే.

కుర్రాడు ఫోన్ చేశాడు. 14 కాదు, 9 అంతస్తులట. మార్కెట్ కొంచెం స్లో. తాత్కాలికం.

సెప్టెంబర్ 1

రాత్రంతా వాన. ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. పట్టాలు గాల్లో వేలాడుతున్న ఫోటో వాట్సాప్‌లో ఇరవైసార్లు వచ్చింది. పెద్ద సారు విజయవాడలో చిక్కుకున్నాడు. రేపటి అగ్రిమెంటు వాయిదా.

బకెట్ మూడుసార్లు నిండింది. రెండోది కొన్నాను.

సెప్టెంబర్ 10

కోతులు. పెద్దమ్మ డాబా మీద పద్నాలుగు. ఆరేసిన వడియాలు కూర్చుని తింటున్నాయి, నెమ్మదిగా, పంక్తి భోజనంలా. హాస్టల్ పిల్లలు పైన వీడియో తీస్తున్నారు.

కోతి ఎన్నో అంతస్తు దాకా ఎక్కుతుందో కుర్రాడిని అడగాలి.

సెప్టెంబర్ 15

అడిగాను. "నెట్టింగ్ ఇస్తం సార్, అమెనిటీస్‌ల ఉంది." చూపించాడు. జిమ్ము, కొలను, కోతుల వల. కోతుల వలకు ఇంగ్లీషులో వేరే పేరు ఉంది. పావురాలన్నారు.

సెప్టెంబర్ 22

వెనక గల్లీలో టేపు పట్టుకుని ఇద్దరు. రోడ్డు కొలిచారు. 30 అడుగులు. ముందు గల్లీ కొలిచారు. 30.

హైరైజ్‌కు కనీసం 40 కావాలి. రెండు వైపులా ఐదేసి అడుగులు వదలాలి. మా వైపు 120 అడుగుల ముఖం. ఐదు పెట్టి గుణిస్తే 600 చదరపు అడుగులు. 67 గజాలు.

2400 తీసేయి 67. 2333.

59 గజాలు తక్కువ.

ఎదురు వైపు వాళ్ళు ఐదు అడుగులు ఎందుకిస్తారో ఎవరూ అడగలేదు. ఎదురు వైపు వాళ్ళు కిటికీల్లోంచి చూస్తున్నారు.

సెప్టెంబర్ 23

పోస్టుమాస్టరు గారు పొద్దున ఆరింటికే వచ్చారు. ఏడో ఇల్లు కలుపుకోవాలి. ఏడో ఇంటాయనతో ఆయన 1998 నుంచి మాట్లాడరు. మోరీ తగాదా.

"మీరు మాట్లాడండి" అన్నారు. నేనూ మాట్లాడను. అదే మోరీ.

అక్టోబర్ 2

ఎంగిలిపూల బతుకమ్మ. మా ఆమె గునుగు పూలకు పోయింది. వెనక ఖాళీ ప్లాట్లు మూడు ఉండేవి. ఇప్పుడు ఒకటుంది. అందులో గునుగు ఉంది. దాని మధ్యలో బోర్డు, 'ఈ స్థలం అమ్మబడదు'. ఎవరో 'ద'కు సున్నం కొట్టారు.

ఆడవాళ్ళు గల్లీలోనే ఆడారు. 30 అడుగులు సరిపోయాయి.

ఒక ప్రశ్న వచ్చింది. తొమ్మిదో అంతస్తులో పేర్చిన బతుకమ్మను లిఫ్టులో ఎట్లా తెస్తారు? తలుపు ఎత్తు చాలదు. ఎల్ఐసీ ఆయన భార్య చాలా సీరియస్‌గా అడిగింది. దాంతో ఇంకో ఆమె, లిఫ్టులో మనిషిని ఎట్లా తెస్తారు అంది. ఏ మనిషి అని ఎవరో అడిగారు. ఆమె చెప్పలేదు. కాసేపు ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

అక్టోబర్ 10

సద్దుల బతుకమ్మ. పద్మాక్షి గుండం దగ్గర కాలు పెట్టే చోటు లేదు.

1959లో ఇదే తేదీన నెహ్రూ వచ్చి రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీకి పునాదిరాయి వేశాడు. అప్పుడది ఊరు బయట. మా నాయన సైకిల్ మీద చూడటానికి పోయాడు. రాయి కనబడలేదు, టోపీ కనబడింది అనేవాడు. ఇప్పుడు కాజీపేట దాకా అంతా ఊరే. కాలేజీ 2002లో ఎన్ఐటీ అయింది. అక్కడి పెద్ద హాస్టల్ పేరు 1.8కె. 1800 మంది. అంత జనాన్ని ఒక్క కప్పు కింద పడుకోబెట్టిన సర్కారు దానికి పేరు పెట్టడం మరిచింది.

అక్టోబర్ 20

కొత్త ప్లాను. స్టిల్ట్ ప్లస్ ఆరు. కొలను లేదు. తెల్లవాళ్ళు లేరు. చెట్లు మాత్రం ఉన్నాయి, పెద్దవయ్యాయి కూడా.

పది శాతం మున్సిపాలిటీకి తాకట్టు పెట్టాలి. ప్లాను ప్రకారం కట్టారని తేలితే విడిపిస్తారు. పోస్టుమాస్టరు గారు తన వాటాలో తాకట్టు ఫ్లాటు రాకూడదని పట్టు. ఎల్ఐసీ ఆయన వాస్తు. అన్నదమ్ముల్లో పెద్దాయనకు తమ్ముడి పక్క ఫ్లాటు వద్దు. తమ్ముడికి అన్న పైన వద్దు.

ఇంకా ఒక్క ఇటుక తేలేదు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మొదలైంది.

అక్టోబర్ 27

ఊళ్ళో అన్నిటికంటే ఎత్తు కడుతున్నది ఆసుపత్రి. 24 అంతస్తులు. పాత సెంట్రల్ జైలు జాగలో. 2021 జూన్‌లో శంకుస్థాపన. పని నడుస్తోంది.

ఎల్ఐసీ ఆయన కొడుకు అటు పోయి చూసి వచ్చాడు. "ఆసుపత్రికి గంత ఎత్తెందుకు నాయనా?" అని పెద్దమ్మ అడిగింది. వాడు సూపర్ స్పెషాలిటీ అన్నాడు. ఆమెకు అర్థమైంది. "పైకి దగ్గరైతది."

నవంబర్ 3

పెద్దమ్మ ఒక్కతే ఇంకా అవునని అనలేదు. కాదనీ అనలేదు. నన్ను పంపారు. సార్ చెప్తే వింటది అని.

వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయ ఈనె తీస్తోంది. పైన రెండు గదుల్లో ఆరుగురు పిల్లలు. ఒకడు నూగూరు వెంకటాపురం, ఒకడు తాడ్వాయి, మిగతా వాళ్ళు ఎక్కడివాళ్ళో. గోడకు బొగ్గుతో కిరాయి లెక్క. కొందరి పేర్ల ముందు మూడు నెలల గీతలు, కొట్టివేత లేకుండా.

"గిప్పుడు ఖాళీ చెయ్యుమంటె పోరగాండ్లు ఏడికి పోతరు సారూ? పరీక్షలున్నయ్ గద. సెమిస్టర్ గానియ్యి."

"ఏ సెమిస్టరు?"

"గదే. ఇప్పుడు నడుస్తలె?"

నేను కూడా కాసిన్ని చిక్కుడుకాయలు ఒలిచాను. వచ్చేటప్పుడు కొన్ని ఇచ్చింది.

నవంబర్ 4

ఏమంది అని అడిగారు. సెమిస్టర్ అయ్యాక అంది అన్నాను. అందరూ తేలికపడ్డారు. తేదీ ఉన్నట్టనిపించింది.

ఆ పిల్లల కాలేజీలో పోయినేడాది రావలసిన ఫలితాలు ఇంకా రాలేదని నేను చెప్పలేదు.

నవంబర్ 9

కుటుంబ సర్వే. ఎన్యూమరేటర్ టీచరమ్మ, ఎప్పుడో నా స్టూడెంటు. సిగ్గుపడుతూ కులం అడిగింది, సిగ్గుపడకుండా అప్పులు అడిగింది. ఇల్లు ఎట్లాంటిది?

డాబా అన్నాను.

లోపల బకెట్‌లో చుక్క పడింది. ఆమె తలెత్తి చూసింది. ఏం రాసిందో చూపించలేదు.

నవంబర్ 19

కాళోజీ కళాక్షేత్రం ప్రారంభం. ముఖ్యమంత్రి వచ్చాడు. బాలసముద్రం వైపు పోవద్దన్నారు. పోలేదు.

నవంబర్ 24

పెద్ద సారు స్వయంగా వచ్చాడు. ఉంగరాలు మూడే. స్టిల్ట్ ప్లస్ ఐదు. అది హైరైజ్ కాదు, 40 అడుగుల రోడ్డు అక్కర్లేదు. 2000 మీటర్లు అక్కర్లేదు. ఆరిండ్లూ అక్కర్లేదు.

రెండు చాలు.

ఏ రెండో చెప్పలేదు. "ఆలోచించుకోండి సార్."

ఐదు నెలల నుంచి రోజూ సాయంత్రం పోస్టుమాస్టరు గారి వరండాలో కూర్చుంటున్నాం. ఈ సాయంత్రం ఆయన వరండాలో లైటు వేయలేదు.

నవంబర్ 26

ఎల్ఐసీ ఆయన పొద్దున నడకలో నన్ను దాటిపోయాడు. ఫోన్‌లో ఉన్నట్టు నటించాడు. ఫోన్ తిరగేసి పట్టుకున్నాడు.

నేను కూడా రాత్రి పెద్ద సారుకు ఫోన్ చేశాను. ఊరికే. ఎత్తలేదు.

మా ఆమెకు చెప్పలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను.

నవంబర్ 30

డల్లాస్ ఆయన వాట్సాప్ గ్రూపులో మెసేజ్. 'గాయ్స్, వాట్ ఈజ్ ద అప్‌డేట్?' ఎవరూ జవాబివ్వలేదు. గ్రూపు పేరు ఇంకా కాగితం మీద ఉన్న టవర్ పేరే. డీపీ కొలను.

డిసెంబర్ 3

కుర్రాడు కనబడ్డాడు. కిట్స్ కాలేజీ దారిలో, టీ బండి దగ్గర. టక్ లేదు. ఆ కంపెనీ మానేశాడట. ఇప్పుడు కోచింగ్ సెంటర్‌లో అడ్మిషన్లు చూస్తున్నాడు. పెద్ద సారు హసన్‌పర్తి దాటాక పొలాల్లో వంద అడుగుల రోడ్డు పక్కన ఏదో చూసుకున్నాడు.

"అక్కడ 14 వేస్తున్నడా?"

"లేదు సార్. ప్లాట్లు చేస్తున్నడు. 200 గజాలు."

టీ డబ్బులు వాడే ఇచ్చాడు. బీటెక్ సివిల్. నాలుగేళ్ళు ఇదే ఊళ్ళో, పెంట్‌హౌస్‌లో ఉన్నాడు.

డిసెంబర్ 8

ఎల్ఐసీ ఆయన మిగతా సగం గోడకు రంగు వేయించాడు. అదే ఆకుపచ్చ దొరకలేదు. పోస్టుమాస్టరు గారి వరండాలో లైటు వెలిగింది. వెళ్ళాను. మోరీ గురించి మాట్లాడుకున్నాం.

పెద్దమ్మ పిల్లలకు పరీక్షలు వాయిదా పడ్డాయట. జనవరి అంటున్నారు.

మేస్త్రీకి ఫోన్ చేశాను. ఆదివారం వస్తానన్నాడు. ఈ రోజు ఆదివారమే.